పాత చాకుకు కొత్త పిడి
(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



వ్యవసాయ కళాశాల ఉపాధ్యాయుడు మాట్లాడ వచ్చినాడంటే విత్తనము గురించో, ఎరువు గురించో, తెగులు గురించో చెబుతాడని మీరు ఎదురు చూడడము సహజము. ఈనాడు నేను వాటి జోలికి ఎక్కువగా పోను. మీలో చాలామంది జేబులోనో, మొలలోనో పెట్టుకొని తిరిగే మడత చాకును గురించి, అందులోనూ దాని పిడిని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. ఇంత చిన్న సంగతికి సభ దేనికని అనుకొనవద్దు. ఈ పాఠము నా ఎడమచేతి బొటనవ్రేలి మీద మచ్చగా మిగిలి ఉన్నది.

నా వద్ద మా తండ్రిగారి చాకు ఒకటి ఉన్నది. చాల చౌక రకము. దాని ప్లాస్టిక్ పిడి ఒక ప్రక్క పగిలిపోతే, కరెంటు పనివారు వాడే నల్ల టేపు చుట్టి కొంతకాలము నెట్టుకొని వచ్చినాను. ఒకనాడు మామిడి అంటు కట్టడానికి పుల్ల చెక్కుతుండగా చెమటకు టేపు జారినది, అలుగు ప్రక్కకు తిరిగినది, వ్రేలు తెగినది. నాలుగు కుట్లు పడినవి. గాయము మానేసరికి ఆ సంవత్సరము అంటు కట్టే అదను దాటిపోయినది. అలుగులో ఏ లోపమూ లేదు. పిడి పగిలినదని తెలిసికూడా బాగుచేయక టేపు చుట్టినవాడను నేనే. తరువాత ఒక పూట కూర్చుండి ఆ చాకుకు తుమ్మ చేవతో కొత్త పిడి వేసికొన్నాను. ఆ పని మీరు కూడా ఇంటివద్దనే ఎట్లా చేసికొనవచ్చునో ఇప్పుడు చెబుతాను.

పిడి ఎందుకు ముఖ్యము?

కోసేది అలుగే గాని, అలుగును నడిపేది పిడి. పిడి వదులైతే చేయి ఒక దారిన, అలుగు ఒక దారిన పోతాయి. వదులు పిడిని మనకు తెలియకుండానే గట్టిగా బిగించి పట్టుకొంటాము, ఎక్కువ బలము పెడతాము. ఎక్కువ బలముతో జారిన కత్తి ఎక్కువ లోతుగా దిగుతుంది.

రెండవది పని నాణ్యత. నూజివీడు ప్రాంతములో మామిడి అంట్లు కట్టేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అంటు పట్టవలెనంటే బెరడుకు, చెక్కకు మధ్యనున్న పలుచని జీవపొర అటు వేరుమొక్కలోనూ, ఇటు అంటుపుల్లలోనూ ఒకదానికొకటి ఆనవలెను. అందుకు కోత ఒకే విసురులో నున్నగా రావలెను. అలుగు ఊగితే కోత మెట్లు మెట్లుగా వస్తుంది. మధ్యలో ఖాళీ మిగులుతుంది, అంటు ఎండిపోతుంది.

మూడవది తెగుళ్ళు. పగిలిన పిడి సందులలో మొక్కల పసరు, మట్టి చేరి నిలిచిపోతాయి. చెరకులో కార్శి తోటలను గిడసబారజేసే తెగులు ఒకటి కలదు. అది బాక్టీరియా వలన వస్తుంది, ముచ్చెలు నరికే కత్తి ద్వారా ఒక గడనుండి మరొక గడకు పాకుతుంది. కత్తిని శుభ్రము చేసినామనుకొంటాము గాని, సందులోని పసరు అట్లాగే ఉంటుంది. సందులు లేని పిడిని స్పిరిట్ గుడ్డతో ఒక్కసారి తుడిస్తే శుభ్రమవుతుంది.

కొత్త చాకు కొనవచ్చును గదా అని మీరు అడగవచ్చును. కొనవచ్చును. కాని కొత్తదాని పిడి కూడా ఒకనాడు పగులుతుంది. ఏళ్ళ తరబడి సానపట్టి మీ చేతికి అలవాటు చేసికొన్న అలుగు మాత్రము దుకాణములో దొరకదు.

ముందుగా పరీక్షించండి

చాకులోని భాగాలను గుర్తుపట్టుకొందాము. కోసే భాగము అలుగు. అలుగు తిరిగేచోట ఉన్నది కీలు చీల. తెరచినప్పుడు, మూసినప్పుడు అలుగును 'టక్కు'మని నిలిపేది వెన్ను వైపునున్న స్ప్రింగు. వీటికి ఇరుప్రక్కల పలుచని ఇత్తడి లేక ఇనుప రేకులు ఉంటాయి. ఆ రేకుల పైన చేతికి తగిలేటట్లు బిగించినవే పిడి బద్దలు. మనము మార్చబోయేది ఈ బద్దలను మాత్రమే.

పని మొదలుపెట్టక ముందు మూడు సంగతులు చూడవలెను. అలుగు సానకు అరిగి అరిగి సన్నబడిపోలేదు గదా? కీలు దగ్గర తుప్పు లోతుగా తినలేదు గదా? అలుగును తెరచి, గుడ్డ చుట్టి పట్టుకొని కదిపితే స్ప్రింగు బలముగా నిలుపుతున్నదా? ఈ మూడూ బాగుంటే కొత్త పిడికి ఆ చాకు తగినది. స్ప్రింగు విరిగినా, కీలు దగ్గర అలుగు చిట్లినా దానిమీద శ్రమపడవద్దు.

మరొక తేడా కూడా చూడవలెను. కొన్ని చాకులకు కీలు దగ్గర లోహపు దిమ్మ ఉంటుంది. కీలు చీల ఆ దిమ్మలోనే ఉంటుంది గనుక, బద్దలు తీసినా అలుగు ఊడిరాదు. మొదటిసారి పని చేసేవారు ఇట్టి చాకునే ఎన్నుకొనవలెను. దిమ్మ లేని రకములో కీలు చీల బద్దల గుండానే పోతుంది. దానిని విప్పితే చాకంతా విడిపోతుంది. చేయి తిరిగిన తరువాత దాని జోలికి పోవచ్చును.

ఏ కర్ర మంచిది?

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు గాని, పిడికి మాత్రము చక్కగా పనికివస్తుంది. చేలగట్ల మీద పెరిగే నల్లతుమ్మ చేవ ఇందుకు చాల మంచిది. నాగళ్ళకు, బండ్లకు మన పెద్దలు దానిని వాడినది ఊరకే కాదు. అది గట్టిది, దెబ్బకు ఓర్చుకొంటుంది. చింత చేవ కూడా అంతే. వడ్రంగి వద్ద మిగిలిన టేకు ముక్క తేలికగా పనికి లొంగుతుంది, తడికి తొందరగా చెడదు. మామిడి చెక్క నీరు పీల్చి త్వరగా చెడుతుంది, వద్దు. తాటి చేవ గట్టిదే గాని, నారలు లేచి చేతిలో ముళ్ళవలె దిగుతాయి. మన కొండపల్లిలో బొమ్మలు చేసే తెల్లపొనికి చెక్క ఉలికి మెత్తగా లొంగుతుంది, తూకములో తేలిక. బొమ్మకు ఆ గుణమే కావలెను, పిడికి ఆ గుణమే దోషము.

ఏ చెట్టుదైనా చేవనే వాడవలెను. బెరడు ప్రక్కనుండే తెల్లచెక్కను పురుగు తొలుస్తుంది. గేదె కొమ్ముతో చేసిన బద్దలు కూడా బాగుంటాయి. జింక కొమ్ము మాత్రము ముట్టవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము.

అన్నిటికన్న ముఖ్యము కర్ర ఆరి ఉండుట. కర్ర ఎండినప్పుడు పొడవున దాదాపు తగ్గదు, అడ్డముగా మాత్రము తగ్గుతుంది. వానకాలములో పచ్చికర్రతో వేసిన పిడి రోహిణి కార్తె ఎండలకు కుంచించుకుపోయి, చీలల వద్ద పగులుతుంది లేక వదులవుతుంది. ధాన్యము తేమ 17 శాతము దాటితే కొనుగోలు కేంద్రములో తీసికొనరని, నిలువ చేయాలంటే 14 శాతము లోపు ఉండవలెనని మీకు తెలుసు. కర్రకు కూడా అట్టి లెక్కే ఉన్నది గాని, దానికి యంత్రము అవసరము లేదు. పావుకిలో ముక్కను సెంటీమీటరు మందాన చీల్చి, రెండు కొనలకూ మైనము పూసి, గాలి తగిలే నీడలో ఉంచండి. పచారీ కొట్టు కాటా మీద వారానికొకసారి తూచండి. తూకము తగ్గుతూ తగ్గుతూ ఒకచోట నిలిచిపోతుంది. అప్పుడు ఆ కర్ర పనికి సిద్ధమైనట్లు. కొనలకు మైనము పూయకపోతే కొనలు ముందుగా ఎండి బీటలు వారుతాయి.

పాత పిడి ఊడదీయుట

అలుగును మూసి, తెరుచుకొనకుండ గట్టి దారముతో చుట్టివేయవలెను. పాత బద్దల ఆకారమును కాగితము మీద గీసి పెట్టుకొనవలెను. బద్ద పగిలి ఉన్నప్పటికీ ముక్కలు పారవేయక దాచండి, అవే మీకు కొలతలు.

బద్దలను పట్టి ఉంచే సన్నని చీలల తలలను ఆకురాయితో అరగదీసి సమము చేయవలెను. ఒక గట్టి చెక్కకు రంధ్రము పొడిచి, చాకును దానిపై చీల సరిగా రంధ్రము మీదికి వచ్చేటట్లు ఆనించవలెను. చీలకన్న కొంచెము సన్నని మేకును తీసికొని, దాని మొనను అరగదీసి మొండి చేసి, చీలపై నిలిపి, సుత్తితో మెల్లగా కొడితే చీల క్రిందికి దిగిపోతుంది. మొనదేరిన మేకుతో కొడితే చీల తల విచ్చుకొని మరింత బిగుస్తుంది. జిగురుతో అంటించిన బద్దలైతే సన్నని ఉలిని రేకుకు, బద్దకు మధ్య పెట్టి లేపవలెను. ఉలి మొన మీ రెండవ చేతి వైపు ఎప్పుడూ ఉండకూడదు.

రేకుల మీది తుప్పును, పాత జిగురును గీకివేసి, గరుకు కాగితముతో రుద్దండి. కీలులో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయవలెను. కాని జిగురు పూయవలసిన రేకు పైభాగమును స్పిరిట్ గుడ్డతో తుడిచి జిడ్డు లేకుండ చేయవలెను. జిడ్డుమీద ఏ జిగురూ పట్టదు.

కొత్త బద్దలు చేసి బిగించుట

కర్రనుండి రెండు బద్దలు, 5 మిల్లీమీటర్ల మందమున, పాత బద్దకన్న అన్ని వైపులా 2 మిల్లీమీటర్లు ఎక్కువగా కోయవలెను. కర్ర ఈనె బద్ద పొడవునా పోవలెను. అడ్డ ఈనె బద్ద నొక్కితే చాలు, విరుగుతుంది. రేకును ఆనే ముఖము చదునుగా ఉండవలెను. మనయిండ్ల అరుగు మీది కడపరాయి బండపై గరుకు కాగితము పరచి, బద్దను దానిపై రుద్దితే చదును వస్తుంది.

ఇప్పుడు రంధ్రములు. బద్దను రేకుకు గట్టిగా పట్టి ఉంచి, రేకులోని పాత రంధ్రమునే గురిగా పెట్టుకొని తొలవవలెను. క్రింద మరొక చెక్కముక్క ఆనిస్తే బద్ద అంచు చిట్లదు. మొదటి రంధ్రము తొలిచి, అందులో చీల దించిన తరువాతనే రెండవది తొలవండి. రెండూ ఒకేసారి గుర్తుపెట్టి తొలిస్తే వెంట్రుకవాసి తేడా వచ్చి చీల దిగదు.

చీలలకు ఇత్తడి లేక రాగి తీగ వాడవలెను. విజయవాడ వన్‌టౌనులోని ఇనుప సామాను దుకాణాలలో ఇది దొరుకుతుంది. ఇనుప మేకు వద్దు. తుమ్మలో తోళ్ళు ఊనడానికి పనికివచ్చే టానిన్ అనే పదార్థము ఉన్నది. తడి తగిలితే అది ఇనుముతో కలిసి నల్లమచ్చ పడుతుంది, మేకు కూడా తుప్పుపట్టి వదులవుతుంది.

రెండు గొట్టాలలో వచ్చే ఎపాక్సీ జిగురును సమపాళ్ళలో కలిపి, రేకుపై పలుచగా పూయవలెను. కీలు వైపు, స్ప్రింగు వైపు జిగురు పోనీయకూడదు. పోతే చాకు ఇక తెరుచుకొనదు. అందుకని ఆ అంచుల వెంబడి ముందే కొద్దిగా మైనము రాయడము మంచిది. బద్దలు పెట్టి, చీలలు దించి, పాత సైకిలు ట్యూబును పట్టీగా కోసి చుట్టి, రాత్రంతా కదపకుండ ఉంచండి.

మరునాడు చీలలను రెండు ప్రక్కలా ఒక్కొక్క మిల్లీమీటరు మిగిలేటట్లు కత్తిరించి, ఇనుప దిమ్మపై ఆనించి, చిన్న సుత్తితో తల కట్టవలెను. ఇక్కడనే చాలామంది చెడగొట్టుకొంటారు. నాలుగు పెద్ద దెబ్బలు వేస్తే బద్ద నిలువునా చీలుతుంది. నలభై చిన్న దెబ్బలు వేస్తే చీల తల పుట్టగొడుగువలె విచ్చుకొంటుంది. నా మొదటి బద్ద ఈ తొందరలోనే చీలిపోయినది.

చేతికి అమర్చుట, నూనె పెట్టుట

ఎక్కువగా ఉన్న కర్రను ఆకురాయితో పొడవు వెంబడి అరగదీయవలెను. ముక్కుకు గుడ్డ కట్టుకొనండి, కర్రపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అప్పుడప్పుడు ఆపి, చాకు మూసి ఉండగానే చేతిని తడిపి పట్టుకొని చూడండి. పొలములో చేయి పొడిగా ఉండేది ఎప్పుడు? తడిచేతిలో తిరగకుండ నిలిచినదే మంచి పిడి. అందుకు అది గుండ్రముగా గాక, కొంచెము కోలగా ఉండవలెను. వ్రేళ్ళు చుట్టి పట్టినప్పుడు బొటనవ్రేలి కొన నడిమి వ్రేలి కొనను దాదాపు తాకవలెను. ఇంటిలో ఆ చాకు ఎక్కువగా వాడేది ఆడవారైతే వారి చేతి కొలతకే చేయవలెను. మగవారి చేతికి చేసిన పిడితో రోజంతా పని చేయించి, మణికట్టు నొప్పి అంటే ఆశ్చర్యపడడము న్యాయము కాదు.

చివర నూనె. కొబ్బరినూనె, నువ్వులనూనె కర్రమీద గట్టిపడవు, జిడ్డుగా ఉండి దుమ్మును పట్టుకొంటాయి. అవిసె గింజల నూనె గాలికి ఆరి గట్టి పొర కడుతుంది. పశువులకు ఆకు మేపే అవిసె చెట్టు వేరు, ఈ గింజలు వేరు. రంగుల దుకాణములో కాచిన అవిసె నూనె అని అడగండి. గుడ్డతో పలుచగా పూసి, మిగిలినది తుడిచివేసి, ఒక దినము ఆరనిచ్చి, ఇట్లు మూడు నాలుగు మార్లు చేయవలెను. ఒక్క హెచ్చరిక. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూలన పడవేయకూడదు. ఆరేటప్పుడు వేడి పుట్టి దానంతట అదే అంటుకొనవచ్చును. ఇంటి బయట పరచి ఆరవేయండి.

కొడవలి సంగతి

డెల్టాలో వరికోత యంత్రాలు వచ్చినా కొడవలి పోలేదు. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు మినుము చల్లిన చేలలో చేతికోతకే ఇంకా విలువ ఉన్నది. యంత్రము చక్రాల క్రింద మొలక నలిగిపోతుంది. కాబట్టి కొడవలి పిడిని కూడా ఇదే కంటితో చూడవలెను. కమ్మరి కొడవలి తోకను ఎర్రగా కాల్చి కర్రలోకి దింపుతాడు. రంధ్రము చుట్టూ బొగ్గు పొర మందముగా మిగిలితే అది నలిగి, కొద్ది రోజులలోనే పిడి వదులవుతుంది. ముందుగా తోకకన్న కొంచెము సన్నని రంధ్రము తొలిచి, బొగ్గు గీకివేసి, లక్క కరగించి పోసి దింపితే గట్టిగా పట్టుకొంటుంది. ఆ సమయములో అలుగుకు తడిగుడ్డ చుట్టవలెను. వేడి అలుగుకు ప్రాకితే పదును నిలువదు. రోకలికి వేసినట్లు పిడి మొదటికి ఒక పొన్ను వేస్తే కర్ర చీలదు.

గాయమైతే

ఎంత జాగ్రత్తపడినా ఒకనాడు వ్రేలు తెగవచ్చును. తుప్పు వలన ధనుర్వాతము వస్తుందని అనుకొంటాము. అసలు కారణము తుప్పు కాదు, మట్టిలోను పశువుల పేడలోను ఉండే ఒక బాక్టీరియా. కాబట్టి తళతళలాడే కొత్త చాకుతో తెగినా ప్రమాదము అంతే. పసుపో, సున్నమో అద్దక, గాయమును సబ్బునీటితో బాగా కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి టీకా అవసరమేమో అడగవలెను.

ఎప్పుడు చేయవలెను?

మినుము ఇంటికి చేరిన తరువాత, మళ్ళీ కాలువకు నీరు వదిలేలోపు డెల్టా రైతుకు కొంత తీరిక ఉంటుంది. ఎండలకు కర్ర కూడా బాగా ఆరి ఉంటుంది. పిడి వేసికొనడానికి అదే అదను. ఈ సాయంత్రము ఇంటికి వెళ్ళగానే మీ చాకు తీసి, తడిచేతితో ఒక్కసారి పట్టుకొని చూడండి. పిడి కదిలినా, టేపు చుట్టి ఉన్నా, గట్టు మీద ఎండిన తుమ్మకొమ్మ ఒకటి కొట్టి నీడన పెట్టండి. అది ఆరేలోపు ఆ చాకుతో ఒత్తిడి పెట్టి కోసే పని ఏదీ చేయవద్దు. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ యేడు నా మామిడి అంట్లు దక్కేవి.